మార్పు కాలమున సంఘమును నడుపు విధము

సహకార సంఘమునకు రెండు విధములగు మూలధనము గలదు. వాటాధనము చిట్టాలో వ్రాయబడియుండును గనుక దానిని ఎవరైనను లెక్కించి చూడవచ్చును. సభ్యులకు సంఘముపై గల నమ్మకము ఏ చిట్టాలోను ఉండదు. అయినను సంఘము నిలుచుట దాని బలముననే. పాతపద్ధతి తొలగి క్రొత్తపద్ధతి వచ్చు దినములలో ఈ రెండవ మూలధనమునకు నష్టము కలుగుట సులభము. అట్టి సమయమున అధ్యక్షుడు, పాలకవర్గము, కార్యదర్శి, గుమాస్తాలు, సభ్యులు ఒండొరులతో నెట్లు మెలగవలెనో ఈ మాసపు పాఠమున వివరింప దలచితిమి.

సంఘ సమావేశమున ఒకరు చదువగా తక్కినవారు వినుటకు వీలుగా దీనిని భాగములుగా విభజించితిమి. చివర చర్చకు కొన్ని ప్రశ్నలు చేర్చితిమి.

1. మన సంఘములకు వచ్చిన మార్పులు

మార్పు మన సంఘములకు క్రొత్త కాదు. 1904వ సంవత్సరపు చట్టముతో మన దేశమున పరపతి సంఘములు పుట్టినవి. ఆనాడు వాని పని అప్పిచ్చుట, వసూలు చేయుట మాత్రమే. 1912లో వచ్చిన చట్టము వలన పరపతి గాక ఇతర కార్యములకును సంఘములు స్థాపించుటకు వీలు కలిగెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1987లో సింగిల్ విండో పద్ధతి ఏర్పడి, రైతునకు కావలసిన ఋణములును ఎరువులును విత్తనములును ఒకేచోట లభించు మార్గము కలిగినది. నేటికిని అనేక గ్రామములలో సంఘమును సింగిల్ విండో అనియే పిలుచుచున్నారు.

ఇటీవలి కాలమున మార్పు మరింత వేగముగా వచ్చుచున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వమున సహకారమునకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడెను. 2022 జూన్ మాసమున దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి మార్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము నిచ్చెను. 2023లో రాష్ట్రములకు పంపబడిన మాదిరి నియమావళి ననుసరించి సంఘములు గిడ్డంగులు, పాడి, మత్స్యపరిశ్రమ, గ్యాసు పంపిణీ, పెట్రోలు బంకు మొదలగు ఇరువదియైదుకు మించిన వ్యాపారములను చేపట్టవచ్చును.

ఇవి యన్నియు మేలు కొరకు ఉద్దేశింపబడినవే. చేతివ్రాత చిట్టాలలో కూడికలు తప్పుట, పుటలు చినుగుట, ఏండ్లతరబడి ఆడిటు వెనుకబడుట మనమెరుగనివి కావు. కంప్యూటరు వలన వడ్డీ లెక్క త్వరగా తేలును. జిల్లా సహకార కేంద్ర బ్యాంకు లెక్కతో సంఘపు లెక్కను సరిచూచుట సులభమగును.

కాని పాతది పోయి క్రొత్తది నిలద్రొక్కుకొను వరకు గల కొలదినెలలు గండము వంటివి. ఇరువది యేండ్లు కలము పట్టిన గుమాస్తా మీటలపై వ్రేళ్లుంచవలసి వచ్చును. ఎవరి ఖాతా ఏ పుటలో నున్నదో చూడకయే చెప్పగలిగినవాడు నేడు తనకంటె చిన్నవానిని అడిగి తెలిసికొనవలసి వచ్చును. అడుగుటకు సిగ్గుపడి తోచినట్లు చేయును. పొరపాట్లు పుట్టునది అచ్చటనే.

2. పొరపాటు వలన రైతునకు కలుగు నష్టము

కార్యాలయములో జరుగు చిన్న పొరపాటు రైతుయింటి వరకు ఎట్లు వచ్చునో లెక్కవేసి చూతము. కేంద్రప్రభుత్వపు వడ్డీ రాయితీ పద్ధతిలో మూడు లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట ఋణమునకు 7 శాతము వడ్డీ పడును. గడువులోగా చెల్లించిన వానికి మరి 3 శాతము తగ్గును. అనగా సకాలమున చెల్లించు రైతునకు 4 శాతము మాత్రమే పడును.

రామయ్య అను రైతు లక్షరూపాయలు ఒక ఏడాదికి అప్పు గైకొనెననుకొందము. గడువునకు నాలుగు దినములు ముందుగనే సొమ్ము తెచ్చి చెల్లించెను. ఆ దినమున కరెంటు లేదు. గుమాస్తా చేతితో రసీదు వ్రాసి యిచ్చి, రొక్కము పెట్టెలో నుంచెను. పని తొందరలో వారము గడచిన పిదప ఆ జమను కంప్యూటరులో ఎక్కించెను. సొమ్ము చెల్లించిన తేదికి బదులు ఎక్కించిన దినపు తేది పడెను. ఇప్పుడు లెక్కప్రకారము రామయ్య మూడు దినములు ఆలస్యముగ చెల్లించిన వాడయ్యెను. అతడు పోగొట్టుకొనునది 3,000 రూపాయలు. అంతేగాక బాకీదారుల జాబితాలో పేరు చేరినచో తరువాతి పంటకు అప్పు పుట్టుట ఆలస్యమగును. అదను దాటిన పిదప వచ్చిన అప్పుతో నాట్లు వేయుట ఎట్టిదో రైతునకు చెప్పనక్కరలేదు.

గుమాస్తా దొంగ కాడు. సోమరియు కాడు. ఒక తేది తప్పు పడినది, అంతే. ఇట్టి పొరపాటు ఏ సంఘములోనైనను జరుగవచ్చును. తరువాత ఏమి జరుగునన్నదే మన పాఠమునకు ముఖ్యము.

3. ఒకే పొరపాటు, రెండు సంఘములు

మొదటి సంఘమున గుమాస్తా రెండవ దినముననే రసీదు పుస్తకమును కంప్యూటరు లెక్కతో సరిచూచుచు తప్పును గమనించెను. వెంటనే కార్యదర్శి యొద్దకు పోయి, “అయ్యా, రామయ్యగారి జమ తేది తప్పు పడినది. ఇదిగో రసీదు నకలు” అని చెప్పెను. కార్యదర్శి సవరణ వ్రాయించి, బ్యాంకునకు తెలియజేసి, రామయ్యకు కబురు పంపెను. ఆ పూట గడచునప్పటికి పని ముగిసినది. మరునాడు కరెంటు లేని దినములలో చేతితో వ్రాసిన రసీదులను వేరుగా ఒక దస్తరములో నుంచి, రసీదు తేదితోనే జమ ఎక్కింపవలెనని ఒక నియమము వ్రాసికొనిరి.

రెండవ సంఘములోని గుమాస్తాయు ఆ తప్పును రెండవ దినముననే గమనించెను. కాని గడచిన నెలలో రెండువందల రూపాయల తేడా వచ్చినప్పుడు అధ్యక్షుడు పదిమంది సభ్యుల యెదుట తోటి గుమాస్తాను నిలువబెట్టి దూషించిన సంగతి అతనికి జ్ఞప్తికి వచ్చినది. నోరు మెదపలేదు. తానే ఎప్పుడో సరిదిద్దవచ్చునని తలచెను. ఇంతలో రాయితీకి అర్హులగు వారి జాబితా బ్యాంకునకు పోయెను. నాలుగు మాసములకు రామయ్య క్రొత్త అప్పునకై వచ్చెను.

“బాబూ, నేను గడువులోనే కట్టితిని. ఇదిగో నీ చేతి రసీదు.”

“పెద్దయ్యా, కంప్యూటరులో అట్లు లేదు. నేనేమి చేయుదును?”

రామయ్య ఇంటికి పోయి కంప్యూటరు మోసమనును. ఇరుగుపొరుగు వారు అది నిజమని తలతురు. మంచి యంత్రమునకు చెడ్డపేరు, మంచి గుమాస్తాకు చెడ్డపేరు వచ్చును. వీనియన్నిటికంటె ముఖ్యముగా సంఘము రామయ్య నమ్మకమును పోగొట్టుకొనును.

రెండు సంఘములలోను యంత్రము ఒక్కటే, పొరపాటు ఒక్కటే. భేదమంతయు రెండవ దినమున గుమాస్తా నోరు తెరచెనా లేదా అనుదానియందే గలదు. అతడు నోరు తెరచుట, మూసికొనుట అన్నది అధ్యక్షుడు గడచిన నెలలో ప్రవర్తించిన తీరుపై నాధారపడినది. కార్యాలయ వాతావరణమని పెద్దలు చెప్పునది ఇదియే. గోడలకు సున్నము వేయించుట, కుర్చీలు మార్పించుట కాదు. తప్పు జరిగినప్పుడు దానిని చెప్పుటకు పనివానికి ధైర్యము కలదా లేదా యన్నదే ఆ వాతావరణమునకు కొలత.

4. దోషము మనుష్యులదా, పద్ధతిదా?

“మా సంఘములో పనివారు మంచివారు కారు. ఎంతటి నాయకుడైనను వీరితో ఏమి చేయగలడు?” అని కొందరు అధ్యక్షులు అనుట కలదు. దీనికి సమాధానము మన సంఘములలోనే గాక వేలమంది పనిచేయు కర్మాగారములలోను దొరకును. అట్టి దొకటి తెలిసికొందము.

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో ఫ్రీమాంట్ అను పట్టణమున జనరల్ మోటార్సు కంపెనీకి ఒక కార్ల కర్మాగారముండెను. అచ్చట యజమానులకును పనివారికిని నిత్యము తగవులే. పనికి రానివారి సంఖ్య కొన్ని దినములలో ఐదింట ఒకవంతు వరకు ఉండెడిది. తయారైన కార్లలో లోపములు మెండు. 1982లో కంపెనీ దానిని మూసివేసెను. 1984లో జపాను దేశపు టొయోటా కంపెనీ జనరల్ మోటార్సుతో గలసి ఆ కర్మాగారమునే తిరిగి తెరచెను. పనిలోనికి తీసికొన్నవారిలో అధికులు పూర్వము అచ్చట పనిచేసిన వారే. అదే కార్మిక సంఘము కొనసాగినది. అయినను సుమారు రెండేండ్లలో అచ్చటి కార్లు కంపెనీ కర్మాగారములలో మేలైన వానితో సరితూగినవి. పనికి రానివారి సంఖ్య మిక్కిలి తగ్గినది.

మారినదేమి? పనివారిని చిన్నచిన్న జట్లుగా నేర్పరచిరి. ప్రతివానికిని అందుబాటులో ఒక తాడు వ్రేలాడదీసిరి. లోపము కనబడినచో ఎవడైనను ఆ తాడు లాగవచ్చును. జట్టు నాయకుడు వెంటనే వచ్చి సాయము చేయును. అప్పటికిని సరికానిచో వరుస యంతయు నిలుచును. తాడు లాగినవానిని ఎందుకు లాగితివని గద్దింపరు. ఏమి కష్టము వచ్చినదని అడుగుదురు. పూర్వము అదే కర్మాగారమున వరుసను నిలుపుట మహాపరాధముగా నుండెడిది. కావున లోపము కనబడినను పనివాడు చూడనట్లు పోనిచ్చెడివాడు.

జనరల్ మోటార్సువారు ఈ పద్ధతిని తమ ఇతర కర్మాగారములలో నెలకొల్పుటకు ప్రయత్నింపగా అది త్వరగా నాటుకొనలేదు. తాడు కట్టుట సులభము. లాగినవానిపై కోపింపకుండుట కష్టము. ఆ ఫ్రీమాంట్ కర్మాగారము ఇతర కారణములచే 2010లో మూతపడినది గాని, అది నేర్పిన పాఠము చెడలేదు. మన సంఘములోని గుమాస్తాకును అట్టి తాడొకటి కావలెను. “అయ్యా, తప్పు జరిగినది” అని చెప్పగలుగుటయే ఆ తాడు.

5. ఆణందు నేర్పిన పాఠము

ఇక రైతుల సంఘములకు మరింత దగ్గరి దృష్టాంతము గుజరాతులోని ఆణందు. 1945లో బొంబాయి నగరమునకు పాలు సరఫరా చేయు పథకము ప్రారంభమైనప్పుడు ఖేడా జిల్లా పాలను సేకరించు అధికారము పాల్సన్ అను ఖాసగీ కంపెనీకి లభించెను. రైతులకు గిట్టుబాటు ధర రాలేదు. సర్దార్ వల్లభభాయి పటేలుగారి సలహాపై రైతులు 1946 జనవరిలో సమర్ఖా గ్రామమున సమావేశమై, కంపెనీకి పాలు పోయరాదని నిశ్చయించిరి. పదునైదు దినములు పాలు పోయలేదు. ఆ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సమాఖ్య రిజిస్టరు అయ్యెను. నేడు అమూల్ అని లోకమెరిగిన సంస్థ అదియే. ప్రారంభమున దినమునకు సుమారు 250 లీటర్ల పాలు మాత్రమే వచ్చెడివి.

సమాఖ్య అధ్యక్షుడు త్రిభువనదాస్ పటేలు. ఆయన స్వాతంత్ర్యోద్యమమున జైలుకు పోయిన ప్రజాసేవకుడు. 1949లో వర్గీస్ కురియన్ అను యువ ఇంజనీరు ప్రభుత్వోద్యోగిగా ఆణందునకు వచ్చి, సమాఖ్య యంత్రములను బాగుచేయుటలో తోడ్పడి, త్రిభువనదాసుగారి కోరికపై సమాఖ్యకు మేనేజరయ్యెను. వీరిద్దరును పనిని పంచుకొనిన తీరు గమనింపదగినది. అధ్యక్షుడు గ్రామగ్రామము తిరిగి రైతులతో మాటలాడి, సంఘములు స్థాపించి, తగవులు తీర్చెను. యంత్రములు, కొనుగోలు, అమ్మకము, ఉద్యోగుల పని మేనేజరు చూచుకొనెను. అధ్యక్షుడు మేనేజరు పనిలో దినదినము చేయి పెట్టలేదు. మేనేజరు తాను రైతుల ఉద్యోగినని మరువలేదు. 1963లో వీరిద్దరికిని, బొంబాయి పాల పథకమున పనిచేసిన దారా ఖురోడీగారికిని కలిపి రామన్ మెగసెసే బహుమానము లభించెను.

ఆణందునకు కూడ యంత్రమార్పు వచ్చినది. శీతకాలమున పాలు అధికముగా వచ్చెడివి. అమ్ముడు పోయెడివి కావు. గేదెపాలను పొడిగా చేయుట సాధ్యము కాదని అనుభవజ్ఞులు చెప్పుచుండగా, కురియన్ మిత్రుడగు దలాయా అను ఇంజనీరు దానిని సాధించెను. 1955 అక్టోబరు 31న నెహ్రూగారు క్రొత్త పాలపొడి కర్మాగారమును ప్రారంభించిరి. ఒక దలాయా చేసిన ప్రయత్నమునకు అధ్యక్షుడును మేనేజరును అడ్డుపడక అండగా నిలుచుట వలన వేలాది రైతుల పాలు నేలపాలు కాకుండెను.

దీనికంటెను మన సంఘములకు పనికివచ్చు విషయము గ్రామములోని పాలకేంద్రమున గలదు. రైతు పోసిన పాలను అతని యెదుటనే కొలుతురు, వెన్నశాతమును పరీక్షింతురు. తొలినాళ్లలో ఉదయము పోసిన పాల సొమ్మును సాయంత్రమే చెల్లించెడివారు. బీదవాడును కలవాడును ఒకే వరుసలో నిలిచి పాలు పోయవలెను. పరీక్ష తన కన్నుల యెదుట జరుగుచున్నప్పుడు అనుమానమునకు తావెక్కడిది?

మన సంఘములు నడుపు ధాన్యపు కొనుగోలు కేంద్రములను దీనితో పోల్చి చూడుడు. తేమ 17 శాతమునకు మించరాదని నియమము. తేమ చూచు యంత్రమును రైతునకు చూపక, “తేమ ఎక్కువగ నున్నది, ఇంత తరుగు తీయవలెను” అని చెప్పినచో రైతు నమ్మునా? యంత్రపు అంకెను రైతు చేతనే చదివించి చీటిపై వ్రాసి యిచ్చినచో, తిరిగి ఆరబెట్టుకొను కష్టము కలిగినను అతడు సంఘమును నిందింపడు.

మన తెలుగునాట ములుకనూరు సంఘము ఇట్టి ఓర్పునకు మంచి నిదర్శనము. నాటి కరీంనగరము జిల్లాలో 1956లో ఆలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో అది వెలసినది. అప్పిచ్చుటతో నాగక, ఎరువులు, విత్తనములు, పంట అమ్మకము ఒక్కొక్కటిగా చేపట్టినది. వ్యాపారము పెరిగినను చుట్టుప్రక్కల కొలదిగ్రామముల రైతులకే సేవచేయుచు వచ్చినది.

6. పొరపాటు వేరు, ద్రోహము వేరు

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహము కలుగవచ్చును. తప్పు చేసినవానిని దండింపకున్నచో సంఘపు సొమ్మునకు దిక్కెవరు? ఇది న్యాయమైన ప్రశ్న. సంఘములు కొన్ని మునిగినది పొరపాట్ల వలన గాదు, సొమ్ము కాజేసిన వారి వలన.

కావున పాలకవర్గము రెండింటిని స్పష్టముగా వేరుపరచి, ముందుగనే తీర్మానించి, గోడపై వ్రాసి యుంచవలెను. తెలియక జరిగి, తెలిసిన దినముననే చెప్పబడిన తప్పు పొరపాటు. దానికి సవరణయే గాని శిక్ష లేదు. అదే పొరపాటు అదే వానిచే మాటిమాటికి జరిగినచో శిక్షణ యియ్యవలెను, లేదా అతని పని మార్పవలెను. తెలిసియు దాచబడిన తప్పు అపరాధము. దానికి సంజాయిషీ అడుగవలెను. సొమ్ము తీసికొనుట, దొంగ రసీదు వ్రాయుట, లేని రైతు పేర అప్పు వ్రాయుట ద్రోహము. వీనియందు దాక్షిణ్యము కూడదు. 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టములోని 51వ సెక్షను క్రింద విచారణయు, 60వ సెక్షను క్రింద నష్టమును బాధ్యులనుండి రాబట్టుటయు జరుగవచ్చును. అధ్యక్షుడును పాలకవర్గ సభ్యులును కూడ ఆ బాధ్యతకు లోబడినవారే యని మరువరాదు.

భయపెట్టు కార్యాలయమున ద్రోహి సుఖముగ నుండును. ఏలయనగా అచ్చట అందరును తమతమ చిన్న పొరపాట్లను దాచుకొనుచుందురు గనుక ఒకరి లెక్క నొకరు చూడరు. చిన్న తప్పులు వెంటనే వెల్లడియగు చోట పెద్దతప్పు దాగుటకు చోటుండదు.

7. ఎవరి విధి ఏది?

అధ్యక్షుని విధి. పనివారి యెదుట మొదట కోపము నణచుకొనవలెను. మందలింపవలసి వచ్చినచో గదిలో, ఒంటరిగా, విషయమునే చెప్పవలెను. పొగడవలసి వచ్చినచో పదిమంది యెదుట పొగడవలెను. తన బంధువు అప్పునకు వచ్చినను, ఎదుటి పక్షమువాడు వచ్చినను ఒకే కాగితములు అడుగునట్లు చూడవలెను. ఊరిపెద్దకు ఒక నీతి, కౌలురైతునకు మరొక నీతి జరుగుచున్నచో దానిని మొదట గ్రహించువాడు గుమాస్తాయే. గ్రహించిన పిదప అతనికి ఏ నియమముపైనను గౌరవముండదు. అధ్యక్షుడు దినదినము లెక్కలలో తలదూర్పక, నెలకొకమారు లెక్కలను తప్పక చూడవలెను.

కార్యదర్శి విధి. క్రొత్తపద్ధతిని తాను నేర్చుకొని పిదప ఇతరులకు నేర్పవలెను. తెలియనిది తెలియదని తానే ముందుగా చెప్పినచో క్రిందివారికి చెప్పుటకు జంకుండదు. పై అధికారులు అడిగిన లెక్కలను పంపు తొందరలో సభ్యుని పని వాయిదా వేయరాదు.

గుమాస్తా విధి. “కంప్యూటరులో లేదు” అని చెప్పి రైతును పంపివేయరాదు. రైతు చేతిలోని రసీదు సంఘము తానే యిచ్చిన మాట. దానిని ఒక పుస్తకములో నమోదుచేసి, ఎన్ని దినములలో తేల్చెదరో చెప్పి పంపవలెను.

సభ్యుని విధి. నాయకత్వము పై నున్నవారి పని మాత్రమే కాదు. రసీదు లేకుండ సొమ్ము చెల్లింపరాదు. రసీదుపై తేది చూడక ఇంటికి పోరాదు. సంవత్సరమునకు రెండుమార్లైనను తన ఖాతా నిలువను అడిగి తెలిసికొనవలెను. మహాజనసభకు పోయి అడుగవలసిన ప్రశ్నలను అరుగులపై అడిగినందువలన ప్రయోజనము లేదు. గుమాస్తాను కేకలు వేయు సభ్యుడును అతనికి దాచుట నేర్పినవాడగును. స్త్రీ సభ్యులు తమ ఖాతాను భర్తల ద్వారానో కుమారుల ద్వారానో గాక తామే అడిగి తెలిసికొనుట మేలు.

8. క్రొత్తపద్ధతిని ప్రవేశపెట్టు క్రమము

సంఘములో ఎట్టి మార్పు తెచ్చినను ఈ క్రింది క్రమమును పాటించిన యెడల గండము చాలవరకు తప్పును.

(1) నిర్ణయము చేయుటకు ముందు ఆ పని చేయువారినే అడుగవలెను. ఎరువుల గిడ్డంగి చూచువానికి తెలిసిన చిక్కులు పాలకవర్గమునకు తెలియవు. హమాలీలను కూడ అడుగుట తక్కువతనము కాదు.

(2) మార్పు ఎందులకో, ఎన్నడు మొదలగునో, ఎవరి పని ఎట్లు మారునో ఒక కాగితముపై వ్రాసి కార్యాలయపు గోడకు అంటింపవలెను. ఉద్యోగము పోవునేమో యని పనివారికి గల భయమునకు సమాధానము అందులోనే యుండవలెను. చెప్పకున్నచో పుకారు చెప్పును.

(3) ఒక్కనికి మాత్రమే నేర్పరాదు. కనీసము ఇద్దరికి నేర్పవలెను. ఒకడు సెలవు పెట్టినచో సంఘము మూతపడు స్థితి రాకూడదు. వయస్సు మళ్లినవానిని యువకునితో జతచేసినచో ఒకరి అనుభవము, ఒకరి నేర్పు రెండును సంఘమునకు దక్కును.

(4) ఒక పంటకాలము వరకు పాత చిట్టాయు క్రొత్త లెక్కయు రెండును నడుపవలెను. ప్రతి సాయంత్రము రొక్కము నిలువను రెంటితోను సరిచూడవలెను. ఇది శ్రమయే. కాని ఆ శ్రమకు తగిన బత్తెమో సెలవో పనివారికి ఇచ్చుట న్యాయము.

(5) పాత బాకీలను క్రొత్త లెక్కలోనికి ఎక్కించిన పిదప, ప్రతి సభ్యునికి అతని ఖాతా నిలువను చీటిపై వ్రాసి యిచ్చి, సరియేనని సంతకము గైకొనవలెను. చదువురాని వారికి నమ్మకస్తుని ద్వారా చదివి వినిపింపవలెను. ఈ ఒక్కపని చేసిన సంఘములో పాత తప్పులు క్రొత్త యంత్రములో దాగవు.

(6) పొరపాట్లకు వేరుగా ఒక పుస్తకముంచవలెను. తేది, జరిగిన పొరపాటు, ఎట్లు బయటపడెను, ఎట్లు సవరించిరి, మరల జరుగకుండుటకు ఏమిచేసిరి అను అయిదు గళ్లు చాలును. చేసినవాని పేరు వ్రాయనక్కరలేదు. నెలనెల పాలకవర్గమున దీనిని చదువవలెను. క్రొత్తపద్ధతి వచ్చిన తొలినెలలలో ఆ పుస్తకము ఖాళీగా నున్నచో సంతోషింపరాదు. పొరపాట్లు లేవని కాదు, చెప్పువారు లేరని అనుమానింపవలెను.

(7) మొదటి పొరపాటు చెప్పినవానిని అధ్యక్షుడు ఎట్లు ఆదరించునో కార్యాలయమంతయు చూచుచుండును. ఆ దినమున “చెప్పి మంచిపని చేసితివి, రమ్ము, సరిదిద్దుదము” అనిన చాలును. ఆ మాట వంద సుత్తరువుల కంటె బలమైనది.

9. ముగింపు

1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది సామాన్యులు చిన్న దుకాణముతో సహకారమును ఆరంభించినప్పుడు వారికి ధనబలము లేదు. సరియైన తూకము, కల్తీలేని సరకు, అందరికి ఒకే ఓటు, అందరు చూడదగిన లెక్క వారు నమ్ముకొనినవి. నాటినుండి తక్కెడలు మారినవి, లెక్కపుస్తకములు మారినవి. మరియు నెన్నో మారగలవు. సభ్యుని యెదుట లెక్కను తెరచిచూపుట, తప్పును ఒప్పుకొని సరిదిద్దుట మారవలసిన అవసరము లేనివి.

రామయ్య వంటి రైతు రసీదు చేతపట్టుకొని మన సంఘపు గడప యెక్కిన దినమున అతనికి ఏమి జవాబు లభించునో, ఆ జవాబును బట్టియే మన నాయకత్వము మంచిదో చెడ్డదో తేలును. పాలకవర్గములవారు వచ్చు సమావేశముననే పొరపాట్ల పుస్తకము నొకదానిని తెరచి ఈ పాఠమును ఆచరణలో పెట్టుదురని ఆశించుచున్నాము.

చర్చింపదగిన ప్రశ్నలు

1. గడచిన ఆరుమాసములలో మన సంఘమున బయటపడిన పొరపాట్లెన్ని? వానిని మొదట చెప్పినవారు పనివారా, సభ్యులా, ఆడిటరులా?

2. మన సంఘములో కంప్యూటరు పని తెలిసినవారెందరు? ఒకరు లేనప్పుడు ఆ పని ఎవరు చేయుచున్నారు?

3. సభ్యులందరికిని ఖాతా నిలువ చీటీలు అందినవా? అందనిచో ఎన్నటిలోగా అందజేయుదురు?

4. కొనుగోలు కేంద్రమున తేమయంత్రపు అంకెను, తూకమును రైతునకు చూపుచున్నారా?

5. పొరపాటునకు, దాచుటకు, ద్రోహమునకు గల భేదమును మన పాలకవర్గము తీర్మానముగా వ్రాసినదా?